సక్రు చెప్పిన ప్రార్థన

సకల జనుల సమ్మెల మా బడికి తాళం పడ్డ నాటికి నేను మా ఊరి గుడికి సెక్రటరీని. గుడి అంటే చర్చి. మా దిక్కు చర్చిని కూడ గుడి అనే అంటం. డోర్నకల్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంల మా ఊరు. మా తాత ఆ గుడిల ఉపదేశి, ఇంటింటికి తిరిగి వాక్యం చెప్పెటోడు. మా నాయిన గంట కొట్టెటోడు. నేను తెలుగు పంతులునయి, పాస్టరు అయ్యగారు లేని ఆదివారాలు వాక్యం చెప్పేదాక వచ్చిన. మూడు తరాలల్ల ఇంత పైకొచ్చినమని మా అవ్వ, అంటే మా అమ్మ, తలుసుకున్నప్పుడల్లా కొంగుతోని కండ్లు తుడుచుకునేది.

రెండు వేల పదకొండు సెప్టెంబరు అది. బడి లేదు, బస్సులు లేవు. పొద్దుగాల లేచి అంగీ ఇస్త్రీ చేసుకొని, డోర్నకల్ స్టేషన్ బయట వేసిన దీక్షా శిబిరానికి పోయెటోన్ని. ఉద్యోగులు, హమాలీలు, ఆటోలోళ్లు, అందరు ఆ టెంటు కిందనే. మొదటి వారంల ఒకనాడు నన్ను మాట్లాడమన్నరు. నాకు లెక్కలు, నీళ్ల వాటాలు సరిగ తెలవవు. నాకు జరిగింది చెప్పిన.

బీఎడ్ నేను కృష్ణ అవతల ఒక ఊర్ల చదివిన. పాఠం చెప్పే పరీక్ష నాడు పిల్లలను "నిన్న మనం ఏం చదువుకున్నం" అని అడిగిన. పిల్లలు నవ్విన్రు. వెనక కూసున్న సారు కూడ నవ్విండు. "ముందు నువ్వు తెలుగు నేర్చుకో నాయనా, తర్వాత చెబుదువు గాని" అన్నడు. ఆ సంవత్సరమంతా నేను క్లాసుల నోరు తెరవలే. దవాఖానకు పోయినా చూపుడు వేలితోనే చెప్పిన.

"అమ్మ నేర్పిన మాట నోట్లె ఆగిపోతే మనిషి ఎట్లుంటడో నాకు తెలుసు" అన్న. టెంటంతా ఒక్కసారే చప్పట్లు. ఒక ముసలి హమాలి వచ్చి నా చెయ్యి పట్టుకొని ఏడ్చిండు. ఆనాటి నుంచి రోజూ నన్ను పిలిచెటోళ్లు. అదే ముచ్చట రోజుకు ఒకతీరుగ చెప్పెటోన్ని, రోజూ చప్పట్లే.

అదే నెలల మా అయ్యగారు, రత్నం పాస్టరు గారు, భార్య ఆపరేషన్ కోసం రాయవేలూరు పోయిండు. నెలన్నర దాకా రానని చెప్పి గుడి నాకు అప్పజెప్పిండు. ఆదివారం ఆరాధన నేనే నడిపిస్తున్న. విజయ, నా భార్య, హార్మోనియం వాయిస్తది.

ఆ ఆదివారాలల్ల మొదటిది. ప్రార్థనల సమయం వచ్చింది. ఎవరికన్న మొర ఉంటే లేచి చెప్పుకుంటరు. ఆడోళ్ల దిక్కు చివరి వరుసల తుల్సీబాయి లేచింది. చెరువు అవతలి తండా ఆమెది. యాభై దాటిన మనిషి. ఎనిమిదేండ్ల కింద బాప్తిస్మం తీసుకుంది. తండా నుంచి గుడికి వచ్చేది ఆమె ఒక్కతే. వానొచ్చినా ఎండొచ్చినా మూడు కిలోమీటర్లు నడిచొచ్చి, కాళ్లు కడుక్కొని లోపలికొచ్చేది.

ఆమె భర్త సక్రు. కంకర మిషన్ల కాడ పదిహేనేండ్లు పని చేసి దుమ్మంతా రొమ్ముల నింపుకున్నడు. వరంగల్ పెద్ద దవాఖానల చూపిస్తే ఇంటికి తీసుకపొమ్మన్నరు. అదే చెప్పుకుంటుంది తుల్సీబాయి. రెండు మూడు మాటలు తెలుగుల చెప్పింది. గొంతు వణికింది. ఆ వణుకుల తెలుగు జారిపోయి ఆమె భాష వచ్చేసింది, లంబాడీ భాష. ఇగ ఆగలే. ధారలెక్క పోతుంది మాట. చేతులు పైకి లేసినయి.

పాటలు పాడే ఆడపిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నరు. మగోళ్ల దిక్కు ఎవరో కిసుక్కున నవ్విన్రు. నాకు మొఖం మీద వేడి కొట్టింది. పిల్లలు నవ్వుతున్నరని కోపం రాలే. నేను నడిపించే ఆరాధన పలుచనైతుందని వచ్చింది. విజయ దిక్కు చూసి చెయ్యి ఊపిన. విజయ ఒక్క క్షణం ఆగి, పాట ఎత్తుకుంది. గుడంతా అందుకుంది. తుల్సీబాయి నోరు పాటల కింద ఇంకా రెండు నిమిషాలు కదిలి ఆగింది. కూసుంది.

ఆరాధన అయినంక వేపచెట్టు కింద ఆమెను ఆపిన.

"తుల్సీబాయి, ఇంట్ల నీ ఇష్టం. గుడిల మాత్రం అందరికి సమజయ్యేటట్టు ప్రార్థన చెయ్యాలె."

"మాట ఎల్లిపోయింది సార్. నాకు తెల్వకుంటనే."

"జర చూసుకోవాలె గద. నలుగురు నవ్వుతున్నరు."

"సరే సార్" అన్నది. చెప్పులేసుకొని పోయింది. మళ్ల ఆమె గుడిల నోరు తెరవలే. వచ్చేది, కూసునేది, పోయేది. నేను నా మాట విన్నదనుకున్న.

తర్వాతి ఆదివారం గుడి పంచాంగంల ఆ వారానికి వచ్చిన వాక్యం పుట్టుగుడ్డి మనిషిది. ప్రభువు వాని కండ్లకు మట్టి పూసి చూపు ఇచ్చినంక, పెద్ద మనుషులు వాన్ని కూసోబెట్టి ఎట్లొచ్చింది, ఎవరిచ్చిన్రు అని సతాయించి, ఆఖరుకు గుడి బయటికి ఎల్లగొట్టిన కథ. నేను దాన్ని సమ్మెతోని కలిపి చెప్పిన. మన ఏడుపు కండ్ల ముందటనే ఉన్నా కనపడని పెద్ద మనుషులు ఇప్పటికీ ఉన్నరని, కుర్చీల కూసున్న గుడ్డితనం అన్నిటికంటే చెడ్డదని చెప్పిన. బయటికొచ్చినంక అందరు మెచ్చుకున్నరు. మా అవ్వ కూడ "మీ తాత గొంతు వచ్చిందిరా నీకు" అన్నది.

ఆనాడే తుల్సీబాయి మళ్ల వేపచెట్టు కింద నిలవడ్డది. ఈసారి ఆమెనే నన్ను ఆపింది.

"సార్, మా ఆయన బాప్తిస్మం అడుగుతుండు."

ఎనిమిదేండ్లు ఆమె గుడికొస్తుంటే వద్దనక, రమ్మంటే రాక, పొలం గట్టు మీద కూసొని చూసిన మనిషి సక్రు. ఇప్పుడు తనంతట తనే అడుగుతుండు. నేను ఇంటికొచ్చి అయ్యగారికి ఫోన్ చేసిన. అవ్వ పక్కన కూసొని చిక్కుడుకాయ తుంచుతుంది.

అయ్యగారు అవతలి నుంచి పెద్దగ మాట్లాడుతుండు. "మనిషి ప్రాణం మీదికి వస్తే సెక్రటరీ అయినా బాప్తిస్మం నీళ్లు పోయొచ్చు జైపాల్. నియమం ఉంది. నువ్వు పో. ఆలస్యం చెయ్యకు."

బుధవారం పోయిన. తండాల రెండో వరుసల రేకుల ఇల్లు. లోపల సగం గదిల కొత్త పత్తి పోసి ఉంది. మంచం మీద సక్రు దిండ్లకు ఆనుకొని కూసున్నడు. ఉతికిన తెల్లంగి తొడిగిన్రు. అది ఆయన మీద ఎవరిదో అంగీ లెక్క వేలాడుతుంది. మంచం పక్కన పీట మీద స్టీలు గిన్నె, దాని మీద కొత్త తువ్వాల కప్పి ఉంది. అది బాప్తిస్మం నీళ్లని నాకు వెంటనే తెలిసింది. కొడుకు వాల్యా గోడకు ఆనుకొని నిలవడ్డడు. హైదరాబాద్‌ల సెంట్రింగ్ పని చేస్తడు, నాయిన కోసం వచ్చిండు.

నేను కుర్చీల కూసొని పుస్తకం తీసిన. అడగాల్సినయి అడగాలె గద అనుకున్న.

"సక్రూ, దేవుళ్లు ఎంతమంది?"

"ఒక్కడు సార్." గాలి పీల్చుకున్నడు. "ఒక్కడే."

"ఏసు ఎవరు?"

ఆయన తుల్సీబాయి దిక్కు చూసి వాళ్ల భాషల ఏదో అన్నడు. ఆమె తెలుగుల చెప్పింది. "నేను దగ్గుతుంటే నాతోని కూసునేటోడు అంటుండు సార్."

"గది జవాబు కాదు" అన్న. "విశ్వాస ప్రమాణం వచ్చా?"

రాదని తల ఊపిండు.

"ప్రభువు నేర్పిన ప్రార్థన?"

ఆ మాటకు ఆయన మొఖం మారింది. తువ్వాలతోని మూతి తుడుచుకొని రెండు చేతులు జోడిచ్చి మొదలు పెట్టిండు. వాళ్ల భాషలనే. తుల్సీబాయి ఆమెకు తెలిసిన తీరుగ నేర్పి ఉంటది. ఊపిరి ఆడక మూడుసార్లు ఆగిండు. ఆగినకాడి నుంచే మళ్ల అందుకున్నడు, ఒక్క మాట విడిచిపెట్టలే. అది ప్రభువు నేర్పిన ప్రార్థనేనా, దాని తర్వాత సొంత మాటలు ఏమన్న కలిపిండా, నాకు తెలవదు. నాకు సమజైన మాట ఒక్కటే, బాపు, అంటే నాయిన. అది నాలుగైదు సార్లు వచ్చింది.

నేను గడియారం చూసుకున్న. నాలుగింటికి శిబిరంల నా ఉపన్యాసం.

"తెలుగుల చెప్పాలె సక్రూ" అన్న. "తుల్సీబాయి, నువ్వు కూసోబెట్టి నేర్పు. వచ్చే వారం వస్త."

"సార్, ఆయనకు వచ్చే వారం ఉంటదో లేదో."

"అట్ల అనొద్దు. విశ్వాసం ఉండాలె."

నేను లేచిన. మోటార్ సైకిల్ తిప్పుకుంటూ వెనకకు చూస్తే తుల్సీబాయి ఆ నీళ్ల గిన్నె పట్టుకొని గడప కాడ నిలవడ్డది. దాన్ని ఎక్కడ పెట్టాల్నో తెలవనట్టు అటు ఇటు చూస్తుంది.

గంటసేపట్లనే శిబిరంల ఉన్న. ఆనాడు కూడ బీఎడ్ ముచ్చటనే చెప్పిన.

ఎందుకు నీళ్లు పోయలేదని నన్ను నేను ఇన్నేండ్లు అడిగిన. నియమం కోసమని మొదట అనుకున్న. నియమం పొయ్యమనే చెప్పింది, అయ్యగారు పొయ్యమనే చెప్పిండు. మరేంది? ఆ ఇంట్ల నేను పెద్దమనిషిని. పుస్తకం నా చేతుల ఉంది. నాకు రాని భాషల ఒక మనిషి నా ముందట దేవునితోని మాట్లాడుతుంటే, ఆ గదిల నా అవసరం లేదనిపిచ్చింది. అది నాకు నచ్చలే. ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలే.

మాపటికి ఇంటికి రాంగనే అవ్వ అడిగింది. "పోసినవా?"

"ఆయనకు ఏం రాదవ్వా. ప్రార్థన కూడ తెలుగుల రాదు. నేర్చుకొమ్మని చెప్పొచ్చిన."

అవ్వ చేతుల పని ఆగింది. "సచ్చేటోనికి పరీక్షలు పెట్టొచ్చినవా?"

"పద్ధతి ఉంటది గదనే."

"రేపు పొద్దుగాలనే పో. పోసి రా."

పోత అన్న. మర్నాడు డోర్నకల్‌ల ర్యాలీ. ఆ మర్నాడు మీటింగ్. తర్వాత మూడు రోజులు రైల్ రోకో. అవ్వ రోజూ అడిగింది. నేను రోజూ రేపు అన్న.

రైల్ రోకో మొదటి రోజు. పట్టాల మీద వందల మంది కూసున్నం. వంటలు అక్కడనే, పాటలు అక్కడనే. మైకు నా చేతులకొచ్చింది. అప్పుడే జేబుల ఫోన్ మోగింది. కట్ చేసిన. మళ్ల మోగింది. ఉపన్యాసం అయినంక తీసి చూస్తే వాల్యా.

"సార్, మా నాయిన పోయిండు. పొద్దుగాల."

నేను పట్టాల నడుమ కంకర మీద నిలవడ్డ. వెనక డప్పు కొడుతున్నరు.

"అయ్యో" అన్న.

"నాయినను పూడ్చెతందుకు గుడి బొందలగడ్డల జాగ కావాలె సార్. నాయిన అడిగిండు. రేపు మా అవ్వ కూడ అక్కడికే వస్తది, నన్ను అక్కడనే పెట్టుండ్రి అన్నడు."

జాగ ఇస్తే అయ్యగారు, గుడి పెద్దలు, రిజిస్టరుల ఏం రాసినవని అడుగుతరు. బాప్తిస్మం తేదీ అడుగుతరు. ఎందుకు కాలేదని అడుగుతరు.

"వాల్యా, రిజిస్టరుల పేరు లేదు గద. బాప్తిస్మం కాలే. అక్కడ పెట్టరు."

"ఎందుకు కాలే సార్?"

ఆ గొంతుల కోపం లేదు. అడిగిండు, అంతే.

"ఇక్కడ మస్తు లొల్లిగ ఉంది, నీ మాట వినపడ్తలేదు. తర్వాత చేస్త" అన్న.

వినపడ్డది. ప్రతి మాట వినపడ్డది.

వాళ్లు సక్రును వాళ్ల పత్తి చేను మూలకు పూడ్చిపెట్టిన్రు. ప్రార్థన తుల్సీబాయే చేసుకుందని తర్వాత తెలిసింది. నేను పోలే. రైల్ రోకో అయినంక కూడ పోలే.

నవంబరు మొదట్ల అయ్యగారు వచ్చిండు. సమ్మె అప్పటికి సల్లబడ్డది, బడులు తెరిచిన్రు. గుడి వరండాల కూసొని రిజిస్టర్లు చూసుకుంటూ అడిగిండు.

"సక్రుకు బాప్తిస్మం రాయలేదేంది?"

"పోయిన అయ్యగారు." నా నోట్లకెల్లి మాట ఎంత సాఫుగ వచ్చిందో ఇప్పటికి యాదికి ఉంది. "ఆయనే జర ఆగుదామన్నడు. మంచిగ నేర్చుకొని తీసుకుంట అన్నడు. ఇంతల..."

అయ్యగారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "పాపం. అట్లన్నడా? మంచి మనసు. పద, ఆ తల్లిని ఒకసారి చూసొద్దాం."

వద్దనే సాకు ఒక్కటి కూడ దొరకలే. ఆయన వెనక బండి మీద కూసొని తండాకు పోయిన. తుల్సీబాయి వాకిట్ల పత్తిల కాయ చెత్త ఏరుతుంది. వాల్యా సంచి సర్దుకుంటుండు, పట్నం తిరిగి పోతుండు. అయ్యగారు నేల మీదనే కూసున్నడు. ప్రార్థన చేసిండు. లేస్తూ అన్నడు,

"బిడ్డా, బాధ పెట్టుకోకు. బాప్తిస్మం కాలేదని దేవుడు విడిచిపెట్టడు. ఆయనే గద, జర ఆగి నేర్చుకొని తీసుకుంట అన్నడట."

వాల్యా చేతుల సంచి కిందపడ్డది. నా దిక్కు చూసిండు, ముందుకొచ్చిండు. తుల్సీబాయి వాళ్ల భాషల ఒక్క మాట అన్నది, చిన్నగ. వాల్యా ఆగిండు.

ఆమె నన్ను చూసింది. తర్వాత అయ్యగారి దిక్కు తిరిగింది.

"అవునయ్యా" అన్నది. "ఆగుదామన్నడు."

తిరిగొచ్చే తొవ్వల అయ్యగారు రాయవేలూరు దవాఖాన ముచ్చట్లు చెప్తుండు. నేను ఆయన వెనక కూసొని ఆయన అంగీ పట్టుకొని ఉన్న.

మా ఇంట్ల చాయ తాగి పోతూ అయ్యగారు అవ్వతోని కూడ అదే అన్నడు. "సక్రు ఆగుదామన్నడటమ్మా." అవ్వ గిలాస పట్టుకొని నిలవడ్డది. తొణకలే, బెణకలే. గేటు దాకా పోయి సాగనంపింది. వచ్చి పీట మీద కూసుంది. విజయ వంటింటి తలుపు కాడ ఆగింది.

"మీ తాతకు బాప్తిస్మం ఇచ్చిన్నాడు ఏం వచ్చునో తెలుసారా నీకు?" అన్నది అవ్వ.

అవ్వ చేతుల గిలాస కింద పెట్టింది.

"దొర దొడ్ల పేడ ఎత్తెటోడు. అప్పటికి అక్షరం తెల్వదు. ఏసు ఎవర్రా అని అప్పటి అయ్యగారు అడిగితే, నన్ను పేరు పెట్టి పిలిచినోడు అన్నడట. అప్పటిదాక మీ తాతకు ఊర్ల పేరు లేకుండె. ఓరేయ్ అనెటోళ్లు, అంతే. ఆ ఒక్క మాటకు నీళ్లు పోసిన్రు. ఆ నీళ్ల మీదనే నువ్వు పంతులువైనవ్."

"తప్పయింది అవ్వా."

"ఆ గుడ్డోని వాక్యం మస్తు చెప్పినవ్. ప్రశ్నలడిగి ఎల్లగొట్టినోళ్లు ఎవరో నాకు ఆ ఆదివారం సమజ్ కాలే. నేను కూడ మెచ్చుకున్నదాన్నే." అవ్వ గొంతు పెంచలే. "నేను పోయిన్నాడు నా బొంద కాడ నువ్వు ప్రార్థన చెయ్యకు జైపాలూ. తుల్సీబాయిని పిలువు. ఆమె భాషల ఆమె చేస్తది. గది నా కోరిక."

విజయ లోపల ఏడ్చింది. "ఆమె ప్రార్థన మీద ఆ పాట నేనే ఎత్తుకున్న" అన్నది, ఎవరితోనో కాదు.

మర్నాడు బడి ఎగ్గొట్టి తండాకు నడిచి పోయిన. తుల్సీబాయి చేన్ల పత్తి ఏరుతుంది. నడుముకు కట్టుకున్న ఒడి సగం నిండింది. మూలకు కొత్త మట్టి కుప్ప, దాని మీద రెండు కట్టెలతోని కట్టిన సిలువ. నేను దాని దిక్కు సరిగ చూడలేకపోయిన.

"అయ్యగారికి నిజం ఎందుకు చెప్పలే?" అన్న. క్షమించమని అడుగుదామని పోయిన, నోట్లకెల్లి ఇది వచ్చింది.

ఆమె ఏరుడు ఆపలే. "మీ మొఖం చూసిన సార్. ఆఖరు దినాలల్ల మా ఆయన ఊపిరి ఆడక గట్లనే చూసెటోడు."

"నేను పాపం చేసిన తుల్సక్కా."

"చేసిన్రు" అన్నది. అబద్ధమనలే, ఊకోమనలే.

ఆమె ఒక సాలు ఏరి ఇంకో సాలుకు మళ్లింది. నేను వెనకపోయిన.

"ఆనాడు ఆయన ప్రార్థన చేసిండు గద. ఏం చెప్పిండు?"

మొదటిసారి ఆమె ఆగింది. చేతుల పత్తి అట్లనే ఉంది.

"దేవునికి చెప్పిండు సార్. మీకు కాదు." తర్వాత నా కాళ్ల దిక్కు చూసి, "కొమ్మలు తొక్కుతున్నరు, జర ఇవతలికి రండ్రి" అన్నది.

అక్కడినుంచి సీదా అయ్యగారి కాడికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన నన్ను తిట్టలే. "నాకు చెప్తే సరిపోదు, గుడిల చెప్పు" అన్నడు. ఆ ఆదివారం లేచి చెప్పిన. ఇది రాయడానికి కూడ నాకు సిగ్గుగ ఉంది, నేను బాగ చెప్పిన. ఎక్కడ ఆగాల్నో అక్కడ ఆగిన, గొంతు ఎక్కడ తగ్గాల్నో అక్కడ తగ్గింది. శిబిరం అలవాటు. గుడంతా కండ్లు తుడుచుకుంది. బయటికొచ్చినంక గుడి పెద్దమనిషి భిక్షం నా భుజం తట్టి, "ఇసొంటి సాక్ష్యం విని ఎన్నేండ్లయిందో" అన్నడు. తుల్సీబాయి ఆనాడు గుడికి రాలే. అవ్వ ముసుగు తియ్యకుంట ఇంటికి నడిచింది. సెక్రటరీ పని ఆనాడే విడిచిపెట్టిన. వాక్యం చెప్పుడు కూడ.

క్రిస్మస్‌కు తుల్సీబాయి వచ్చింది. అయ్యగారు అందరి ముందట చెప్పిండు, ఈ గుడిల ఎవరి మాటల వాళ్లు ప్రార్థన చెయ్యొచ్చని. చెప్పి ఆగి, ఆమె దిక్కు చూసిండు. గుడంతా చూసింది. ఆమె తల వంచుకొని కూసుంది. లేవలే. తర్వాతి ఆదివారాలల్ల కూడ లేవలే. అయ్యగారే నెలకోసారి తండాకు పోవుడు మొదలుపెట్టిండు. విజయ ఆయన వెంబడి పోయేది. నన్ను రమ్మని ఎవరూ అడగలే, పోయే ధైర్యం నాకు లేకుండె. కొన్నేండ్లకు రాష్ట్రమొచ్చింది. భాష గురించి బాగ మాట్లాడిననని డోర్నకల్‌ల నాకు శాలువా కప్పిన్రు. ఆ శాలువా ఎక్కడుందో విజయకే తెలుసు.

అవ్వ మాత్రం రాష్ట్రం రాకముందే పోయింది, సమ్మె అయిన ఏడు నెలలకు, ఎండకాలంల. పొద్దుగాల చాయ అడిగి, తెచ్చేలోపల పోయింది. ఆమె అన్న మాట నేను అయ్యగారికి చెప్పిన. ఆయన సరే అన్నడు. నేనే తండాకు పోయి తుల్సీబాయి వాకిట్ల నిలవడ్డ.

"అవ్వ పోయింది. బొంద కాడ నిన్ను ప్రార్థన చెయ్యమన్నది. నీ భాషల."

ఆమె లోపలికి పోయి మొఖం కడుక్కొని, ఉతికిన కొంగు కప్పుకొని వచ్చింది. నా బండి ఎక్కలే. నడిచొచ్చింది.

బొందలగడ్డల ఊరంతా ఉంది. గుడి పెద్దలు, బడి సార్లు, శిబిరంల నాతోని కూసున్నోళ్లు. పెట్టెను దించినంక అయ్యగారు పక్కకు జరిగిండు. తుల్సీబాయి ముందుకొచ్చి బొంద అంచున నిలవడ్డది. మొదట చాలా చిన్నగ మొదలయింది. ఎవరూ నవ్వలే. మెల్లగ గొంతు లేసింది, చేతులు లేసినయి. ఎనిమిది నెలల సంది ఆ గుడి మనుషుల నడుమ ఆమె నోరు తెరవడం అదే మొదలు. ఎంతసేపు చేసిందో. అవ్వ పేరు వినపడ్డది. ఇంకో పేరు కూడ వినపడ్డది. అది సక్రు పేరు. నా పేరు కోసం చెవులు రిక్కించుకొని విన్న, వచ్చిందో రాలేదో తెలవలే.

నేను తల వంచుకొని అట్లనే నిలవడ్డ. మెల్లగ విజయ నా మోచెయ్యి పట్టుకుంది.

"అయిపోయింది" అన్నది. "అందరు మీ కోసమే చూస్తున్నరు. మట్టి వెయ్యిండ్రి."